దప్పిక మరచిన మంద

పద్నాలుగో నంబరు గొర్రె నీళ్లు ముట్టి ఆ రోజుకు పదకొండు రోజులు.

పరిశోధన కేంద్రం వెనక రేకుల షెడ్డులో వేడి నలభై ఆరు డిగ్రీలు దాటింది. డాక్టర్ వన్నూరమ్మ నీళ్ల తొట్టిని రెండు చేతులా లాగి గొర్రె ముందు పెట్టింది. గొర్రె మూతి దించింది, వాసన చూసింది, మర్యాదకు చూశానన్నట్టు తల పక్కకు తిప్పుకుని ఎండు సజ్జ చొప్ప నమలసాగింది.

"దీనికి రోగం తగిలుండాది పాపా," అన్నాడు ఎర్రిస్వామి. "నీళ్లొద్దనే గొర్రె మూడో దినానికి పండుకుంటాది."

ఎర్రిస్వామి ఆమెకు అన్న. హగరి ఏటి ఒడ్డున బీరప్పదిన్నెలో నూటెనభై గొర్రెల మంద అతనిది. పుస్తకం చదవలేడు గానీ గొర్రె ఒళ్లు చదవగలడు. కంబళి భుజాన ఉండగానే షెడ్డులోకి దిగి, కనురెప్ప తిప్పి చూశాడు, చిగుళ్లు నొక్కాడు, మెడ కింద తోలు పట్టి లాగి వదిలాడు. తోలు టక్కున వెనక్కి పోయింది. ఒంట్లో నీరు తగ్గిన గొర్రెకు అలా పోదు, లాగిన మడత లాగినట్టే నిలబడుతుంది. నమ్మలేక రెండోసారి లాగి చూశాడు.

"బాగుండాది," అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు.

వన్నూరమ్మ నవ్వింది. తొమ్మిదేళ్లలో ఆమె అంత తేలిగ్గా నవ్విన రోజు అదే.

హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు ఎప్పటి నుంచో ఉన్నవే. కానీ ఆమె చిన్నప్పుడు అవి ఊరికి రెండు మైళ్ల అవతల ఉండేవి. వాన ఏడాదికి పది రోజులకు పడిపోయాక అవి నడవడం నేర్చుకున్నాయి. వేరుశనగ చేలు పోయాయి, కందులు పోయాయి. జిల్లేడు, తుమ్మ, పల్లేరు మిగిలాయి. తడి తక్కువైనా బతికే విద్య తెలిసిన మొక్కలు మిగిలాయి, తెలియనివి పోయాయి. మనుషులకూ గొర్రెలకూ ఆ విద్య లేదు. ఏటా మాఘం వెళ్లగానే మందలు తుంగభద్ర కాలువల వైపు కదిలేవి. కాలువల మీది వాళ్లు తమకే చాలక కర్రలు పట్టుకుని అడ్డం నిలబడడం మొదలైంది. ముందటి ఏడు ఎర్రిస్వామి మందలో అరవై ఒక్క గొర్రెలు దారిలోనే పడిపోయాయి. అతను వాటిని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి చెప్పగలడు.

"ఏం జేసినావు దీనికి?" అని అడిగాడు.

"ఇసుక దిబ్బల్లో ఎలుక ఉంటుంది చూడు అన్నా, తోక చివర కుచ్చు ఉండేది. అది పుట్టి చచ్చేదాకా నీళ్లు తాగదు. గింజల్లో ఉండే తడే దానికి చాలు. దాని మూత్రపిండం ఒక్క చుక్కను ఊరికే బయటికి పోనివ్వదు. ఆ విద్యను జలుబు తెచ్చే క్రిమి మీద ఎక్కించినాం. దాని కోరలు పీకేసి, గొర్రె ముక్కులో మూడు చుక్కలు వేసినాం. అంతే."

"ఆ విద్య నేర్చుకునేకి ఎలుకకు ఎన్నేండ్లు పట్టింది?"

"లక్షల ఏండ్లు."

"నీకు?"

"తొమ్మిది."

ఎర్రిస్వామి చెల్లెలి వైపు చూశాడు. గర్వమో భయమో ఆమెకు తెలియలేదు. "మా గొర్రెలకెప్పుడు ఏస్తావు?" అన్నాడు.

వేయడానికి ఇంకో ఏడాది ఆగాలి. నీళ్ల కరువులో గొర్రెలు ఒక ఈత ఈనడం పూర్తిగా చూడాలని ఆమె మొదటి పథకంలోనే రాసుకుంది. షెడ్డులో మందు వేసిన ఆడ గొర్రెలు అంతకుముందు చలికాలంలో ఎనిమిది ఈనాయి. మూడు పిల్లలు చచ్చాయి. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో చెమ్మ కనిపించింది. న్యుమోనియా అని రాసి సంతకం పెట్టింది. సంతకం పెట్టే ముందు ఒక్క అరగంట కలం పట్టుకుని కూర్చుంది. మూడింటికీ పొట్టలు ఎండి ఎందుకున్నాయని ఆ అరగంటా అనుమానపడింది. తర్వాత డైరెక్టర్ వేణుమాధవ్ లోపలికి వచ్చాడు.

"ఇంకో ఏడాది ఆగితే మీ అన్న మందలో ఎన్ని మిగులుతాయమ్మా?" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. నిజంగానే అడిగాడు.

ఆ ఫాల్గుణంలోనే బీరప్పదిన్నెకు మందు పెట్టె వెళ్లింది.

*

ఊళ్లో దానికి ముక్కు మందు అని పేరు పడింది. ఎర్రిస్వామి గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి, మూతి పైకెత్తి, మూడు చుక్కలు వేసి, అవి లోపలికి పోయేలా తన నోటితో ముక్కులోకి ఊదేవాడు. పసరు మందులు పోసేటప్పుడు వాళ్ల తాతల నాటి పద్ధతి అది. వద్దని వన్నూరమ్మ ఒకసారి చెప్పింది. అతను తలూపి, ఆమె అటు తిరగ్గానే మళ్లీ ఊదాడు.

ఆ ఎండాకాలం మంద ఊరు కదల్లేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో వదిన సుంకమ్మ వైశాఖ మాసం సొంత ఇంట్లో గడపడం అదే మొదటిసారి. ఏం చేయాలో తోచక గోడలకు సున్నం కొట్టింది. గొర్రెలు పొద్దున తుమ్మ కాయలు, ఎండు గడ్డి మేసి, మధ్యాహ్నం దిబ్బల నీడన కూలబడి, పది పన్నెండు రోజులకోసారి తొట్టి దగ్గరికి తీరిగ్గా నడిచేవి. ఒక్కటీ చావలేదు. మిగిలిన మందల వాళ్లంతా వచ్చి వేయించుకున్నారు. గొర్రెల కోసం వచ్చే నీళ్ల ట్యాంకరును, ఇక అక్కర్లేదు గదా అని, పైవాళ్లు ఆపేశారు. ఊరికి అది కూడా గొప్పగానే అనిపించింది. కేంద్రం నుంచి ఫొటోలు తీసే మనిషి వచ్చాడు. ఎర్రిస్వామి కొత్త తలగుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు.

"మన ఇంటి ఆడబిడ్డ చేసిన పని," అని సుంకమ్మ కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

ఆ రోజుల్లోనే సుంకమ్మ మరో మాట కూడా అంది. "వయసు మీద పడతాందేమో వన్నూరమ్మా, ముందు మాదిరి నీళ్లు తాగబుద్ది కావడం ల్యా. కడవ నింపితే మూడు దినాలొస్తాంది." వన్నూరమ్మ విన్నది. ఆమెకూ ఈమధ్య దప్పిక తక్కువగానే ఉంది. పనిలో పడి మరిచిపోతున్నాననుకుంది.

*

కార్తీకంలో గొర్రెలు ఈనడం మొదలైంది. వాన పడలేదు. ఎండ పోలేదు.

మొదటి వారం పుట్టిన పందొమ్మిది పిల్లల్లో పదకొండు చచ్చాయి. వన్నూరమ్మ జీపు దిగేసరికి ఎర్రిస్వామి దొడ్డి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఒక పిల్ల. దాని నాలుక బయటికి వచ్చి కొనలో నల్లబడింది.

"పాలు లేవా తల్లికి?"

"ఉండాయి. రా, సూడు."

అతను తల్లి గొర్రెను పట్టుకుని ఆమె అరచేతిలోకి పిండాడు. పడింది చుక్క కాదు. వేలితో తీస్తే వేలికి అంటుకునేంత చిక్కటి ముద్ద, పసుపుపచ్చగా, మీగడలా. పిల్ల లేచి తడబడుతూ వచ్చి పొదుగు అందుకుంది, గుంజింది, మళ్లీ గుంజింది. కడుపు నిండుతోంది. గొంతు తడవడం లేదు.

"పాలు తాగుతానే దప్పికతో సస్తాండాయి," అన్నాడు ఎర్రిస్వామి. "నా జల్మలో సూల్యా ఇది."

అరచేతిలో ఆ ముద్దతో వన్నూరమ్మ నిలబడిపోయింది. చదువుకునే రోజుల్లో రెండేళ్లు ఆమె జైసల్మేరు ఎడారిలో తిరిగింది. అక్కడ ఒంటెలు కాచే ముసలాయన ఒకడు ఆమెకు లోటాతో పాలు ఇచ్చి, పలచగా ఉన్నాయేమని అడిగితే నవ్వాడు. పది రోజులుగా నీళ్లు లేని ఒంటె అమ్మా, అందుకే పలచన, అన్నాడు. తనకు నీళ్లు లేనప్పుడు పాలల్లో నీళ్లు ఎక్కువ పోస్తుంది, బిడ్డకు వేరే బావి లేదు గదా. ఆ మాట ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. చమత్కారంగా ఉందని రాసుకుంది.

ఎడారి ఆ రెండు విద్యల్నీ తల్లికి కలిపే నేర్పింది. ఒంట్లో నీరు పట్టి ఉంచడం ఒకటి, బిడ్డ కోసం వదలడం ఒకటి. మొదటిది మాత్రమే నేర్చిన తల్లుల వంశాలు ఎక్కడో ఏ ఇసుకలోనో లక్షల ఏళ్ల కిందటే అంతరించి ఉంటాయి. తను ఆ ఒక్కదాన్నే పీకి తెచ్చింది. చలికాలంలో, నీళ్ల తొట్టి పక్కన, షెడ్డు నీడలో ఆ మూడు పిల్లలూ చచ్చింది న్యుమోనియాతో కాదు.

ఆ సాయంత్రం డైరెక్టరుకు అంతా చెప్పింది, న్యుమోనియా సంతకంతో సహా. వేణుమాధవ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పిల్లలకు సీసాతో నీళ్లు పట్టిస్తే బతుకుతాయా?"

"బతుకుతాయి సార్. గంటకోసారి పట్టాలి."

"అయితే అది పరిమితి. పరిమితి అని రాద్దాం. వైఫల్యం అని రాస్తే ఈ కేంద్రం మూతపడుతుంది, దాన్ని సరిదిద్దే అవకాశం కూడా మీకు ఉండదు."

ఆమె పరిమితి అని రాసింది.

*

ఎర్రిస్వామి కూతురు భాగ్యను ఊళ్లోనే ఇచ్చారు. ఆ మార్గశిరంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు బళ్లారిలో జరిగింది. బరువు, ఊపిరి అన్నీ సరిగా ఉన్నాయని చెప్పి మూడో రోజు పంపేశారు. పన్నెండో రోజు మధ్యాహ్నం వన్నూరమ్మ దొడ్లో పరీక్ష కోసం గొర్రెల పాలు సీసాల్లోకి పిండుతోంది. సుంకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వన్నూరమ్మా, ఒకతూరి రా. బిడ్డ ఏడ్సడం ల్యా."

"నిద్రపోతోందేమో వదినా."

"నిన్నట్నుంచీ ఏడ్సల్యా. గుడ్డ తడపల్యా."

చేతిలో సీసా అక్కడే వదిలేసి వన్నూరమ్మ వెళ్లింది. వంటింటి పక్క గదిలో భాగ్య బిడ్డను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. "రా అత్తా," అని నవ్వింది. "బంగారం మాదిరి పడుకుంటాది. అందరూ రాత్రంతా నిద్ర లేదంటారు, ఇదేం అట్ల కాదు."

వన్నూరమ్మ బిడ్డ తల మీద చెయ్యి పెట్టింది. మాడు గుంటపడి ఉంది. నడుము దగ్గర తోలు రెండు వేళ్లతో పట్టి వదిలింది. మడత అలాగే నిలబడింది.

"పాలిస్తాండావా?"

"ఇస్తాండా అత్తా. ఎప్పుడూ నిండుగానే ఉంటాది."

"కొంచెం పిండు. నా చేతిలోకి."

భాగ్య సిగ్గుపడింది. అత్త ముఖం చూసి సిగ్గు మరిచిపోయి పిండింది. వన్నూరమ్మ అరచేతిని కిటికీ వెలుగులోకి తీసుకుపోవలసిన పని లేకపోయింది. వేలు తాకగానే తెలిసింది.

"నీకు దప్పికేసి ఎన్నాళ్లయింది భాగ్యా?"

"ఏం అత్తా అట్ల అడుగుతాండావు? దప్పిక..." భాగ్య ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "ఎండాకాలంలో ఏసిందేమో."

జీపులో బళ్లారికి గంటన్నర. దారి పొడుగునా వన్నూరమ్మ తన చున్నీ కొసను మరిగించి చల్లార్చిన నీళ్లలో తడిపి బిడ్డ పెదవుల మధ్య పెట్టింది. మొదట చప్పరించింది. తర్వాత చప్పరించడం మానేసింది. ఆసుపత్రిలో కాలి నరం దొరక్క ఎముకలోకి సూది వేశారు. సాయంత్రం నాలుగింటికి డాక్టరు బయటికి వచ్చాడు. ఆ పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. ఆసుపత్రి వాళ్లు కాగితంలో తల్లి పేరు రాసి, పక్కన ఆడ శిశువు అని రాశారు.

భాగ్య గొంతు చించుకుని అరిచింది. కళ్ల నుంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఊళ్లో పాతిపెట్టే దగ్గర ఆమె అత్తగారు అది చూసి, "రాయి గదమ్మా ఇది, కన్నబిడ్డ పోతే కన్ను తడవల్యా," అంది. ఆ మాటన్న మనిషి కళ్లు కూడా పొడిగానే ఉన్నాయి. అక్కడున్న ముప్పై మందిలో ఎవరి కళ్లూ తడవలేదు. అది గమనించింది వన్నూరమ్మ ఒక్కతే. ఆమె తన చెంప తడిమి చూసుకుంది.

*

ఊళ్లో పెద్దలు రెండువందల పన్నెండు మంది. నెత్తురు, మూత్రం పరీక్ష చేస్తే నూటతొంభై ఆరు మందిలో ఎలుక విద్య కనిపించింది. వాళ్లలో ఆమె కూడా ఉంది. కేంద్రం షెడ్డులో, కడిగిన గచ్చు మీద గొర్రె నుంచి గొర్రెకే పాకని క్రిమి, ఎండలో ధూళిలో మందలోని గొర్రెలన్నింటికీ, వాటి పక్కన పడుకునే మనుషులకూ పాకింది. అదీ ఒక జీవే. అది కూడా ఎడారికి అలవాటుపడింది.

పోగొట్టే దారి లేదు. మూత్రపిండంలో ఒకసారి పాతుకున్నదాన్ని వెనక్కి పీకే మందు ఎవరి దగ్గరా లేదు. వన్నూరమ్మ ఇంటింటికీ తిరిగి, చంటిపిల్లలున్న తల్లులకు చెప్పింది. పాలతో పాటు గంటకోసారి చెంచాతో కాచిన నీళ్లు పట్టండి, బిడ్డ ఏడవకపోయినా పట్టండి. తల్లులు విన్నారు. ట్యాంకరు నీళ్లు ఉన్నంతకాలం పిల్లలు బతికారు.

ఆమె పెద్ద నివేదిక రాసింది. ఏదీ దాచలేదు. న్యుమోనియా అబద్ధం మొదటి పేజీలోనే రాసింది. వేణుమాధవ్ దాన్ని మూడు రోజులు తన దగ్గర ఉంచుకుని పైకి పంపాడు. ఒక్క అక్షరం మార్చలేదు. "మీరు నిజాయతీగా రాశారు. చదివేవాళ్ల చేతుల్లో ఉంది ఇక," అన్నాడు.

చదివారు. చైత్రంలో బీరప్పదిన్నెకు తాగునీటి ట్యాంకరు ఆగిపోయింది.

వన్నూరమ్మ నీటి సరఫరా చూసే ఆఫీసుకు వెళ్లింది. అధికారి ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, అవి ఆమె ముట్టకపోవడం చూసి నవ్వి, ఫైలు తెరిచాడు.

"మీ వాక్యమే గదమ్మా ఇది. 'ఈ గ్రామంలోని పెద్దలు రోజుకు ఒక గ్లాసుడు నీళ్లతో ప్రాణాపాయం లేకుండా ఉండగలరు.' చుట్టుపక్కల నలభై ఊళ్లలో జనం కడవల కోసం కొట్టుకుంటున్నారు. ఉండగలిగిన వాళ్లకు ఆపి, ఉండలేని వాళ్లకు పంపుతున్నాం. మీరు నా కుర్చీలో ఉంటే ఏం చేస్తారు?"

"దాని కింది వాక్యం చదవండి. చంటిపిల్లల గురించి."

అతను చదివాడు. చదివినట్టు తల కూడా ఊపాడు. "ఇప్పుడు ఎంతమంది ఉన్నారు చంటివాళ్లు?"

"నలుగురు. ఇంకా ముగ్గురు పుట్టాలి."

"నలుగురి కోసం ట్యాంకరు నడపలేం. క్యాన్లు పంపిస్తాను."

క్యాన్లు రెండు వారాలు వచ్చాయి. మూడో వారం క్యాన్లు తెచ్చే ఆటో చెడిపోయింది. ఆ తర్వాత ఎవరూ పంపలేదు. ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. మంచినీళ్ల చెలమ ఏడు కిలోమీటర్ల దూరంలో, ఏటి మలుపు దగ్గర. దప్పికే తెలియని ఒళ్లతో ఆడవాళ్లు, కనబడని దప్పిక ఉన్న పిల్లల కోసం, ఏడు కిలోమీటర్లు నడిచారు. వన్నూరమ్మ ఉద్యోగం వదిలేసి వాళ్లతో నడిచింది. కొన్ని రోజులు చెలమలో కడవ నిండేది, కొన్ని రోజులు చెంబు కూడా నిండేది కాదు. రెండేళ్లలో ఊళ్లో పదకొండు మంది పుట్టారు. ఐదుగురిని ఏటి ఒడ్డున పాతిపెట్టారు.

మిగిలిన ఆరుగురినీ ఆమె వారానికోసారి తూచేది. వాళ్లలో ముగ్గురు నీళ్లు పట్టినా పట్టకపోయినా ఒకేలా పెరుగుతున్నారని మొదట ఆమెకే నమ్మకం కుదరలేదు. పరీక్ష చేసి చూసింది. తల్లి కడుపులో ఉండగానే వాళ్లకు ఆ క్రిమి పాకింది. మీగడలాంటి పాలు తాగి, చెంచాడు మూత్రం పోసి, గుండ్రంగా ఎదుగుతున్నారు. భాగ్యకు రెండో కాన్పులో పుట్టిన మగబిడ్డ వాళ్లలో ఒకడు.

వేణుమాధవ్ ఆ కబురు విని స్వయంగా వచ్చాడు. భాగ్య కొడుకును ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనం సగంలో వదిలిన పనిని ప్రకృతి పూర్తి చేస్తోందమ్మా," అన్నాడు మెల్లగా.

"ఎట్లా పూర్తి చేస్తుందో మీకు తెలుసు గదా సార్," అంది వన్నూరమ్మ. "పూర్తి కానివాళ్లను ఏరేస్తుంది. దానికి వేరే పద్ధతి రాదు."

ఆయన బిడ్డను తల్లికి ఇచ్చేసి కారెక్కాడు.

*

మూడో ఏడు ఎండలు ముదిరాక, ఏటి అవతలి ఊరి నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చారు. పెదవులు పగిలి ఉన్నాయి. వాళ్లలో పెద్ద వయసామె, నరసక్క, వన్నూరమ్మ వాకిట్లో కూర్చుని కొంగుతో విసురుకుంది.

"మా ఊరికీ నీళ్లబండి వారానికి ఒకతూరే వస్తాంది తల్లీ. అడిగితే, బీరప్పదిన్నోళ్లు ఉండల్యా, మీకేం కొవ్వు అంటాండారు. ఆ ముక్కు మందేదో మాకూ ఏసేయి."

"మందు లేదమ్మా. ఉన్నదంతా కాల్చేసినా."

"సేయి మళ్లా. నీకు వచ్చు గదా."

వన్నూరమ్మ వాళ్లకు అంతా చెప్పింది. పాల సంగతి చెప్పింది, భాగ్య కూతురి సంగతి చెప్పింది. "పదకొండు మందిలో ఐదుగురు పోయినారు నరసక్కా. చూస్తా చూస్తా నీ మనవరాండ్లకు ఆ గతి నేనెట్ల పట్టించేది?"

నరసక్క ఓపిగ్గా విన్నది. "మా ఊళ్లో ఎంతమంది పోయినారో లెక్క పెట్టేకి నువ్వు రాల్యా గదమ్మా," అంది.

వన్నూరమ్మ లోపలికి పోయి, ఇంట్లో ఉన్న రెండు కడవల నీళ్లూ తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. వాళ్లు తాగారు. తాగుతుంటే గొంతుల్లోంచి వచ్చిన చప్పుడు ఆ ఊళ్లో ఎవరూ విని చాలా కాలమైంది. భాగ్య కొడుకు పాకుతూ వచ్చి నోరు తెరుచుకుని వింతగా చూశాడు. తాగాక నరసక్క కడవ బోర్లించి పెట్టి, "ఇవి అయిపోయినాయి," అని లేచింది.

వాళ్లు వీధి మలుపు తిరిగిపోయారు. కాసేపటికి దొడ్డి వైపు నుంచి గొర్రెల అరుపు వినిపించి వన్నూరమ్మ బయటికి వచ్చింది. ఎర్రిస్వామి మందలోంచి రెండు ఆడ గొర్రెలను విడదీసి, మెడలకు తాడు కట్టి, తాడు కొస నరసక్క చేతిలో పెడుతున్నాడు.

"అన్నా!"

అతను తిరిగి చూశాడు. ఈ మూడేళ్లలో అతని మీసం పూర్తిగా నెరిసింది.

"నీకు తెలుసు గదా అది ఎట్ల పాకుతుందో. ఆ గొర్రెలు పోతే వాళ్ల ఊరంతా..."

"తెలుసు."

"నీ మనవరాలిని నీ చేతులతోనే పెడితివి ఇసకలో."

"పెడితిని," అన్నాడు ఎర్రిస్వామి. "మనవన్ని ఎత్తుకున్నా. వాళ్లకు ఎవరు పోతారో, ఎవరు మిగుల్తారో నాకు తెలీదు పాపా. వద్దంటే నిలబెడతా. నీళ్లొచ్చే దారి ఇంకోటి నీకాడ ఉంటే సెప్పు, ఇప్పుడే గొర్రెల్ని ఎనక్కి తీసుకుంటా."

అతను ఆగాడు. ఎగతాళి చేయడానికి అడగలేదు. చెల్లెలు చదువుకున్నది, ఏదో ఒకటి చెబుతుందేమోనని నిజంగానే ఆగాడు. పది నిమిషాలైనా ఆగేవాడే. నరసక్క తాడు పట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వన్నూరమ్మ నోరు తెరిచింది. ఆఫీసు గుర్తొచ్చింది, ఫైలు గుర్తొచ్చింది, తన వాక్యం గుర్తొచ్చింది.

"పోండమ్మా, ఎండ ముదరక ముందే ఏరు దాటండి," అన్నాడు ఎర్రిస్వామి.

ఆడవాళ్లు ఎండిన ఏట్లోకి దిగారు. అలవాటు లేని చేతిలో తాడు ఉండేసరికి ముందున్న గొర్రె నాలుగడుగులు వేసి మొండికేసింది, ఇసుక ధూళికి రెండుసార్లు తుమ్మింది. నరసక్క దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చంటిబిడ్డకు తుడిచినట్టు, చీర కొంగుతో దాని ముక్కు శుభ్రంగా తుడిచింది. తర్వాత లేచి, అదే కొంగుతో తన మొహానికి పట్టిన చెమట తుడుచుకుని, తాడు లాగుతూ నడిచింది.